పాఠం ఉచితం, సాధన కరువు: తిరుపతి, చిత్తూరుల్లో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ చదువు

నెట్‌వర్కింగ్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్‌ను ఇంట్లో కూర్చుని, ఆన్‌లైన్‌లో చదువుకుని సంపాదించవచ్చా? తిరుపతిలో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయి అడిగినా, పలమనేరులో డిప్లొమా ముగించిన అబ్బాయి అడిగినా ఇవాళ జవాబు ఒక్కటే: సంపాదించవచ్చు. పాఠాలున్నాయి, వాటిలో మంచివి చాలావరకు ఉచితం. సాధనకు సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితం. పరీక్ష కూడా ఇంటి నుంచే రాయొచ్చు. ఇంత సులువుగా తేలిపోయే విషయానికి సమీక్ష దేనికంటే, దీని వెనకే ఉన్న అసలు ప్రశ్న ఇంకా తేలలేదు. చదువు పూర్తయిన మనిషి ఒక స్విచ్ ముందు నిలబడి, ఏది ఎందుకు పనిచేయడం లేదో చెప్పగలుగుతున్నాడా? చెప్పలేకపోతే లోపం ఎక్కడుంది? లోపం పాఠంలో లేదన్నది ఈ వ్యాసం వాదం. ఈ రెండు జిల్లాల్లో, ఆ మాటకొస్తే రాష్ట్రమంతటా, కాలేజీల శ్రద్ధా ప్రభుత్వాల ఒప్పందాలూ ఇప్పటికే చవకైపోయిన పాఠం చుట్టూ, అది చూసినందుకు వచ్చే కాగితం చుట్టూ తిరుగుతున్నాయి. నిజంగా ఖరీదైనవి రెండే: చెడిపోయినదాన్ని బాగుచేసే సాధన, నిఖార్సైన పరీక్ష. ఆ రెంటి భారం మాత్రం విద్యార్థి ఇంటివాళ్ళ మీద పడుతోంది.

ముందు రంగంలో ఉన్న సర్టిఫికెట్లేమిటో చూద్దాం. అందరి నోటా వినిపించేది సీసీఎన్ఏ. సిస్కో కంపెనీ 1998లో మొదలుపెట్టింది. ఒకప్పుడు దీనికింద సెక్యూరిటీ, వైర్‌లెస్ అంటూ చాలా పాయలుండేవి. 2020 ఫిబ్రవరి 24 నుంచి వాటిలో చాలావరకు కలిసి 200-301 అనే ఒకే పరీక్షగా మారాయి. వ్యవధి 120 నిమిషాలు. సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ పునాదులకు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, భద్రతకు 15, ఐపీ సేవలకు 10, ఆటోమేషన్‌కు 10 శాతం. పేరుకు మొదటి మెట్టే అయినా ఇది చిన్న పరీక్ష కాదు. అసలేమీ తెలియనివాళ్ళకు ఇది ఎత్తైన మెట్టని గ్రహించే సిస్కో 2023లో సీసీఎస్‌టీ అని దీనికింద మరో మెట్టు కట్టింది. కాంప్‌టియా సంస్థ ఇచ్చే నెట్‌వర్క్ ప్లస్ మూడోది. ఏ ఒక్క కంపెనీ పరికరాలకూ కట్టుబడకుండా, తొంభై నిమిషాల్లో గరిష్ఠంగా తొంభై ప్రశ్నలతో విషయాన్ని విశాలంగా చూస్తుంది. మన దగ్గర ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే పేరు సీసీఎన్ఏ కాబట్టి పిల్లలు దానివైపే మొగ్గుతారు. ఆ మొగ్గులో తప్పు లేదు. కానీ నేరుగా దానిమీదికి దూకి, మధ్యలో వదిలేసేవాళ్ళకు కింది మెట్టు ఒకటి ఉందన్న సంగతి ఎవరైనా చెప్పాలి.

పాఠం ఇంత చవక కావడం పెద్ద మార్పు. రెండున్నర దశాబ్దాల కిందట ఇదే చదువు కావాలంటే రాయలసీమ పిల్లలు హైదరాబాద్ అమీర్‌పేట దారి పట్టాల్సి వచ్చేది. మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టి, దగ్గర్లో హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని, నెలల తరబడి ఉండాలి. దాన్ని మార్చినవి ఒకటికి నాలుగు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ 1997లోనే పుట్టినా, దాని పాఠాలు కాలేజీ గోడలు దాటి ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది ఈమధ్యే. మద్రాసు ఐఐటీ నడిపే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల నెట్‌వర్కింగ్ పాఠాలు మొత్తంగా దొరుకుతాయి. 2017లో మొదలైన స్వయం వేదిక మీద వాటినే కోర్సులుగా చదవొచ్చు. యూట్యూబ్‌లో జెరెమీస్ ఐటీ ల్యాబ్ లాంటి చానళ్ళు సీసీఎన్ఏ సిలబస్ అంతటినీ వరసగా, ల్యాబ్ ఫైళ్ళతో సహా ఉచితంగా పెట్టాయి. ఇక 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధర కూలిపోయింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల ప్యాకేజీతో పల్లెల దాకా వచ్చింది. అంటే వి.కోటలో ఉన్నా, సత్యవేడులో ఉన్నా పాఠం దొరకలేదన్న మాటకు ఇవాళ తావు లేదు.

ఇక్కడే తేడా గమనించాల్సిన కాగితాలు రెండున్నాయి. ఒకటి కోర్సు పూర్తిచేసినట్టు ఇచ్చేది. ఇంకొకటి, పర్యవేక్షణలో పరీక్ష రాసి నెగ్గినందుకు ఇచ్చేది. రెంటినీ మన కాలేజీల్లో సర్టిఫికెట్ అనే అంటారు, రెంటినీ ఒకే ఫైలులో పెడతారు. కానీ మొదటిది మనిషి పాఠం ముందు కూర్చున్నాడని మాత్రమే చెబుతుంది. ఆ కాగితాలకు గిరాకీ ఎందుకు పెరిగిందో చూస్తే నింద విద్యార్థి మీదే వేయలేం. రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. జేఎన్‌టీయూ అనంతపురం ఆర్20 నిబంధనలతో ఇంజినీరింగ్‌లో రెండు వేసవి ఇంటర్న్‌షిప్‌లు, చివర ఒక సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ వచ్చి చేరాయి. ఉద్దేశం మంచిదే. కానీ పాత చిత్తూరు జిల్లా పరిధిలోని ఇన్ని కాలేజీల పిల్లలందరికీ నిజమైన పని చూపించేన్ని ఆఫీసులు ఇక్కడ ఎక్కడున్నాయి? ఆ ఖాళీని వర్చువల్ ఇంటర్న్‌షిప్ నింపింది. కొన్ని వారాల వీడియోలు, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఆపైన బ్యాడ్జి. స్వయం కోర్సుల ద్వారా 40 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2021లో యూజీసీ నిబంధన తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుని రెండు వేలకు పైగా ఆన్‌లైన్ కోర్సులకు తలుపు తెరిచింది. ప్రతి అడుగూ విడిగా సమంజసమే. అన్నీ కలిసిన ఫలితం మాత్రం ఒకటి: కాగితం సులువుగా దొరికే చోటికి విద్యార్థి కాళ్ళు నడుస్తాయి, సులువుగా దొరికిన కాగితాన్ని ఉద్యోగమిచ్చేవాళ్ళు పట్టించుకోరు.

ఉచిత పాఠం ఎంతమందిని చివరిదాకా తీసుకెళుతుందో చెప్పే గట్టి ఆధారం కూడా ఉంది. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఎడెక్స్‌లో పెట్టిన కోర్సులను 2012 నుంచి 2018 దాకా పరిశీలించి జస్టిన్ రైక్, జోసే రూయిపెరెజ్-వాలియెంటే 2019 జనవరిలో సైన్స్ పత్రికలో విశ్లేషణ ప్రచురించారు. 2017-18లో చేరినవాళ్ళందరిలో కోర్సు పూర్తిచేసింది 3.13 శాతం. అదే, డబ్బు కట్టి ధ్రువీకరణ కోసం చేరినవాళ్ళలో 46 శాతం. దీన్ని చూసి డబ్బు కట్టించేస్తే అందరూ చదివేస్తారనుకుంటే పొరపాటు. పట్టుదల ముందే ఉన్నవాళ్ళే డబ్బు కడతారు. అయినా, ముందు ఏదో ఒకటి పణంగా లేనప్పుడు ఉచిత పాఠం నూటికి తొంభై ఏడుమందిని దారిలోనే వదిలేస్తుందన్నది తోసిపుచ్చలేని సంగతి. ఇంకో ఆధారం జ్ఞాపకశక్తికి సంబంధించినది. రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు; పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ తమను తాము పరీక్షించుకున్నవాళ్ళు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వీడియో చదువు మోసమంతా ఇక్కడే ఉంది. చెప్పేవాడు చక్కగా చెబుతుంటే మనకు అంతా వచ్చేసినట్టే ఉంటుంది. వారం పోయాక ఖాళీ కాగితం ముందు పెడితే గానీ రాలేదని తెలియదు.

వచ్చినట్టుండడానికీ, రావడానికీ మధ్య దూరం ఎంతో ఒక లెక్కలో చూడొచ్చు. తిరుపతిలో నలభై గదుల ఓ మోస్తరు లాడ్జి ఉందనుకుందాం. రిసెప్షన్, ఆఫీసు, సీసీ కెమెరాలు, అతిథుల వైఫై అని నాలుగు భాగాలు. పాఠం చూసినవాడు 192.168.10.0 అనే చిరునామాల కట్టను తీసుకుని /26 చొప్పున నాలుగు సమాన ముక్కలు చేస్తాడు. ఒక్కో ముక్కలో 64 చిరునామాలు. మొదటిదీ చివరిదీ తీసేస్తే 62. గేట్‌వేకి ఒకటి పోతే అతిథులకు మిగిలేది 61. పరీక్షలో దీనికి పూర్తి మార్కులు పడతాయి. శనివారం లాడ్జి నిండుతుంది. గదికి నలుగురు, మనిషికొక ఫోను అనుకున్నా నూట అరవై ఫోన్లు. అరవై ఒకటో ఫోను దాకా అంతా సవ్యంగానే ఉంటుంది. ఆపైన వచ్చినవాళ్ళకు వైఫై గుర్తు కనిపిస్తుంది, ఇంటర్నెట్ రాదు. ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే 169.254తో మొదలయ్యే చిరునామా ఉంటుంది. అంటే చిరునామా పంచే సర్వర్ నుంచి ఏమీ అందక, యంత్రం తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. మేనేజరు రూటరు ఆపి మళ్ళీ వేస్తాడు. చిన్న రూటర్లలో చాలావాటికి పాత పద్దు చెరిగిపోతుంది కాబట్టి కాసేపు అన్నీ పనిచేస్తాయి. అందరూ ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకుంటారు. అసలు కారణం తెలిసినవాడు రెండు పనులు చేస్తాడు: అతిథులకు విడిగా ఒక /24 కట్ట ఇచ్చి 254 చిరునామాలు చేతిలో ఉంచుకుంటాడు, రోజంతా పట్టి ఉంచే చిరునామా గడువును రెండు మూడు గంటలకు తగ్గిస్తాడు. ఇందులో సీసీఎన్ఏ సిలబస్‌లో లేని ముక్క ఒక్కటీ లేదు. లేనిదల్లా, ఫిర్యాదు నుంచి కారణం దాకా వెనక్కి నడిచిన అనుభవం.

ఆ అనుభవాన్ని ఆన్‌లైన్ చదువు ఇవ్వగలదా? కొంతవరకు ఇవ్వగలదు, ఆ కొంతే చాలామంది వాడుకోవడం లేదు. సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. అందులో రూటరు పెట్టి, తీగ కలిపి, షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్ అని కొడితే పోర్టు పక్కన అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్ అని వస్తుంది. సిస్కో రూటర్లలో పోర్టులు పుట్టుకతోనే మూసి ఉంటాయి. నో షట్‌డౌన్ అని చెప్పేదాకా తెరుచుకోవు. స్విచ్‌లో అలా కాదు, తీగ పెట్టగానే పోర్టు లేస్తుంది. ఈ తేడా పదిసార్లు విన్నవాడికన్నా, ఒక్కసారి అరగంట తల పట్టుకుని తనంతట తాను కనుక్కున్నవాడికి గట్టిగా నాటుకుంటుంది. చిక్కేమిటంటే తయారుగా ఇచ్చే ల్యాబులు ఎక్కువగా ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో రాసి ఇస్తాయి. విద్యార్థి ఆ అక్షరాలు కొడతాడు, నూటికి నూరు శాతం పూర్తయిందని తెర మీద వస్తుంది. దీనికి మందు ఖర్చు లేనిదే. ఇద్దరు కలిసి చదవాలి. ఒకరు పనిచేస్తున్న ఫైలు తీసుకుని ఒక వీలాన్ నంబరో, ఒక సబ్‌నెట్ మాస్కో, ఒక గేట్‌వేనో చెప్పకుండా చెడగొట్టి పంపాలి. రెండోవాళ్ళు కారణం కనుక్కుని ఒక్క వాక్యంలో రాయాలి. మర్నాడు చెడగొట్టే వంతు వాళ్ళది. దేన్ని చెడగొడితే ఏ లక్షణం కనబడుతుందో తెలియాలి కాబట్టి చెడగొట్టేవాడికీ చదువే.

అయినా సిమ్యులేటర్‌లో దొరకనివి మిగిలే ఉంటాయి. అక్కడ తీగ వదులవదు, ఎలుక కొరకదు, అడాప్టర్ కాలిపోదు. ఊళ్ళో ఫైబర్‌నెట్ కనెక్షన్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాణ్ణి చూడండి. ఫైబర్ పొర ఒలిచి, చివర సమంగా కోసి, స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టి అతుకు వేస్తాడు; సిగ్నల్ ఎంత వస్తోందో మీటరుతో చూసి, తప్పు స్తంభం దగ్గరుందో ఇంట్లో పెట్టెలో ఉందో చెప్పేస్తాడు. అతని దగ్గర ఏ సర్టిఫికెట్టూ ఉండకపోవచ్చు. ఇటు సర్టిఫికెట్ ఉన్న ఇంజినీరింగ్ విద్యార్థికి లాన్ తీగ చివర ఎనిమిది పోగులు ఏ వరసలో పెట్టాలో చేతికి వచ్చి ఉండదు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. సమంగా కత్తిరించి, ప్లగ్గులోకి తోసి, క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. ఒక్క పోగు అటూ ఇటూ అయితే నెట్ రాదు, లేదా వెయ్యి ఎంబీపీఎస్ రావాల్సిన చోట వందే వస్తుంది. సీసీఎన్ఏ దీన్ని చేతితో చేయించి అడగదు. స్తంభం మీది ఫైబర్ వెనకున్న జీపాన్ సాంకేతికతా అందులో లేదు. స్థానిక ఇంటర్నెట్ సంస్థలు విరివిగా వాడే మైక్రోటిక్ రూటర్ల గురించీ అందులో ఉండదు. సర్టిఫికెట్ సిలబస్ పెద్ద కంపెనీల ఆఫీసు నెట్‌వర్క్‌ను కళ్ళముందు పెట్టుకుని రాసింది. మన వీధి నెట్‌వర్క్ వేరు. సూత్రాలు ఒకటే కాబట్టి ఇది సర్టిఫికెట్‌ను కొట్టిపారేయడానికి కారణం కాదు. కానీ ఆ ఆపరేటర్ దగ్గర నెల రోజులు తిరిగిన విద్యార్థికి వర్చువల్ ఇంటర్న్‌షిప్ బ్యాడ్జి ఇవ్వలేనిది దొరుకుతుంది. కాలేజీ మాత్రం ఆ నెలను ఇంటర్న్‌షిప్‌గా లెక్కేయడానికి జంకుతుంది.

పని ఎక్కడుందన్నది తర్వాతి ప్రశ్న. తిరుపతి చుట్టూ నెట్‌వర్క్ లేకుండా గంట నడవని సంస్థలు తక్కువేమీ కాదు. శ్రీసిటీలో 2015 నుంచి ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్లు, కరకంబాడిలో అమరరాజా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రి, జాతీయ విద్యాసంస్థలు, ఒక పుణ్యక్షేత్రపు యాత్రికుల రద్దీ మీద నడిచే వందలకొద్దీ లాడ్జీలు, హోటళ్ళు. వీటిలో మొదటి ఉద్యోగం పేరు నెట్‌వర్క్ ఇంజినీరని ఉండదు. సిస్టమ్స్ చూసుకునే మనిషి, సర్వీస్ ఇంజినీర్, కెమెరాలవాడు అని ఉంటుంది. తీగ లాగడం, ప్రింటర్ కలపడం, పాస్‌వర్డ్ మార్చడం అన్నీ అతనే. అదే బెంగళూరు, చెన్నైల్లో అయితే నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో షిఫ్టు ఉద్యోగం: రాత్రంతా తెర మీద అలారం చూడటం, టికెట్ తెరవడం, పైవాళ్ళకు పంపడం. రెండూ చిన్నచూపు చూడదగ్గవి కావు, రెండూ నేర్పుతాయి. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య వ్యవస్థలో నెట్‌వర్కింగ్ అండ్ స్టోరేజ్ ఫీల్డ్ టెక్నీషియన్ అని ఒక ఉద్యోగ ప్రమాణమే ఉంది; దాన్నీ సీసీఎస్‌టీనీ పక్కపక్కన పెడితే చేతిపని, తలపని రెండూ వస్తాయి. ఇక్కడి కాలేజీల్లో ఆ రెంటినీ కలిపి చెప్పాలన్న ఆలోచన బలంగా కనబడదు. డిగ్రీ పిల్లలకు ఒకటి, ఐటీఐ పిల్లలకు ఇంకొకటి అన్న గోడ మధ్యలో ఉంది.

ఇప్పుడు పరీక్ష సంగతి. సీసీఎన్ఏ ఫీజు 300 డాలర్లు. రూపాయల్లో పాతిక వేలు దాటుతుంది, పన్ను అదనం. సీసీఎస్‌టీ 125 డాలర్లు. పోల్చి చూడటానికి, ఎన్‌పీటెల్ కోర్సు పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు. పాడి, మామిడి, టమాటా మీద బతికే ఇళ్ళలో పాతిక వేలంటే ఒక పంట మదుపులో చెప్పుకోదగ్గ భాగం. ఒకసారి తప్పితే మళ్ళీ అంతా కట్టాలి. నెగ్గినా చెల్లుబాటు మూడేళ్ళే. ఆలోగా మళ్ళీ పరీక్ష రాయాలి, లేదా 30 క్రెడిట్ల మేరకు చదువు చూపించాలి. ఇంటి నుంచి రాసే సౌకర్యం కోవిడ్ నాటి నుంచి ఉంది గానీ, దాని షరతులు పట్నపు ఒంటరి గదిని ఊహించుకుని పెట్టినవి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, బల్ల మీద ఏమీ ఉండకూడదు, నాలుగు వైపులా ఫొటోలు పంపాలి, మధ్యలో ఎవరైనా లోపలికొస్తే, పెదవులు కదిపి ప్రశ్న చదువుకుంటే కూడా పర్యవేక్షకుడు అడ్డు తగలొచ్చు. రెండు గదుల ఇంట్లో రెండు గంటలు తలుపేసుకోవడం, ఆ రెండు గంటలూ కరెంటూ నెట్టూ నిలబడడం ఎవరి చేతిలోనూ లేదు. అందుకే చాలామందికి నగరంలోని పరీక్షా కేంద్రానికి బస్సెక్కి వెళ్ళడమే మేలు. పైగా సీసీఎన్ఏలో దాటేసిన ప్రశ్నకు వెనక్కి రాలేం. ఆ అలవాటు లేక, తెలిసిన ప్రశ్నల దాకా టైము మిగలక పోగొట్టుకునేవాళ్ళుంటారు.

ఫీజు ఇంత ఉన్నచోట డంపులు పుట్టడం సహజం. అసలు ప్రశ్నలని చెప్పి అమ్మే ఆ పీడీఎఫ్‌లను బట్టీపట్టి నెగ్గేవాళ్ళున్నారు. ఒక్కసారి పోతే పాతిక వేలు పోతాయన్న భయమే వాళ్ళను అటు నెడుతుంది. దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది, మళ్ళీ రాయనివ్వకపోవచ్చు. దొరక్కపోయినా నష్టం తప్పదు: ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ళు ఒక రూటింగ్ టేబుల్ చూపించి ఈ ప్యాకెట్ ఎటు పోతుందని అడిగిన క్షణంలో బయటపడుతుంది. పెద్ద నష్టం మాత్రం నిజాయితీగా చదివినవాళ్ళది. డంపుతో వచ్చినవాళ్ళు పెరిగేకొద్దీ ఆ కాగితం మీద నమ్మకం తగ్గి, అందరినీ ఒకే అనుమానంతో చూస్తారు. నీతిబోధ కన్నా దీనికి పనికొచ్చే విరుగుడు తప్పినా తట్టుకునే వీలు కల్పించడం. సిస్కో అకాడమీగా నమోదైన కాలేజీలో మూడు సీసీఎన్ఏ కోర్సులను మంచి మార్కులతో పూర్తిచేసినవాళ్ళకు పరీక్ష ఫీజులో రాయితీ కూపన్ వచ్చే ఏర్పాటుంది. పిల్లలకు ఆ సంగతి మొదటి రోజే తెలిస్తే మార్కుల కోసం కూడా ఒళ్ళు వంచుతారు.

భాష గురించి ఒక మాట. సీసీఎన్ఏ పరీక్ష ఇంగ్లీషులో, జపనీసులో ఉంది. తెలుగులో లేదు, సమీప భవిష్యత్తులో వస్తుందని ఆశించనూ లేం. తెలుగు మాధ్యమం నుంచి డిప్లొమాకి వచ్చిన పిల్లలకు, ఇంట్లో తమిళం మాట్లాడుకునే నగరి, సత్యవేడు పిల్లలకు ఇది రెండింతల బరువు. అయితే బరువు ఎక్కడుందో సరిగ్గా గుర్తించాలి. గేట్‌వే, సబ్‌నెట్, స్విచ్ అన్న మాటలు ఎవరినీ భయపెట్టవు. అవి ఇప్పటికే మన మాటలు. భయపెట్టేది అయిదు లైన్ల ప్రశ్న. ఒక కంపెనీకి రెండు శాఖలున్నాయి, ఫలానా షరతు మీద ఫలానాది కావాలి, కింది నాలుగింటిలో ఏ రెండు పనులు చేయాలి అన్న తరహా. అక్కడ దెబ్బతినేది నెట్‌వర్కింగ్ జ్ఞానం కాదు, చదివి షరతు పట్టుకునే నేర్పు. కాబట్టి విషయాన్ని తెలుగులో అర్థం చేసుకుని, కారణాన్ని తెలుగులో వాదించుకుని, ప్రశ్నలను మాత్రం మొదటి వారం నుంచే ఇంగ్లీషులో చదవడం మంచిది. తెలుగు యూట్యూబ్ పాఠాలు మొదటి పని చేస్తున్నాయి. రెండో పని కాలేజీలో ఇంగ్లీషు అధ్యాపకులు కూడా చేయగలరు. ఎవరూ వాళ్ళను అడగడం లేదు.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాలు మూడు. మొదటిది, అంతా క్లౌడ్‌లోకి పోతుంటే రూటర్లూ స్విచ్‌లూ దేనికని. ఇందులో సగం నిజం. కంపెనీ గదిలో పెట్టెలు తగ్గుతున్నాయి. కానీ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తెరిచిన అమెజాన్ క్లౌడ్ కేంద్రంలో నెట్‌వర్క్ కట్టుకోవాలన్నా మొదట అడిగేది చిరునామాల కట్ట ఎంత అనే. లాడ్జిలో 62 చిరునామాలిచ్చిన అదే /26 అక్కడ 59 ఇస్తుంది, ఎందుకంటే ప్రతి సబ్‌నెట్‌లో అయిదింటిని అమెజాన్ తన కోసం ఉంచుకుంటుంది. పునాది తెలిసినవాడికి ఇది ఒక్క నిమిషంలో అందే తేడా. తెలియనివాడికి అర్థం కాని చిక్కు. కృత్రిమ మేధ విషయమూ అంతే. కమాండ్లు రాసిపెట్టడం దానికి చేతనవుతుంది. రాసింది ఈ ఆఫీసుకు సరిపోతుందా, పెడితే ఏది తెగిపోతుంది అని చెప్పడానికి ఆ నెట్‌వర్క్ తెలిసిన మనిషి కావాలి. సీసీఎన్ఏ సిలబస్ కూడా 2024లో కృత్రిమ మేధను తనలో కలుపుకుంది.

రెండో అభ్యంతరం, క్యాంపస్‌కు వచ్చే పెద్ద కంపెనీలు ఈ సర్టిఫికెట్ అడగవు కదా అని. ఇది పూర్తిగా నిజం, ఒప్పుకోవాల్సిందే. వందలమందిని ఒకేసారి తీసుకునే సాఫ్ట్‌వేర్ సంస్థలు ప్రోగ్రామింగ్, ఆప్టిట్యూడ్ చూస్తాయి. ఆ దారి తెరిచి ఉన్న విద్యార్థి దీనిమీద పాతిక వేలు పెట్టనక్కర్లేదు. దీని అవసరం ఆ వరసలో లేనివాళ్ళకు: క్యాంపస్‌కు ఎవరూ రాని కాలేజీల పిల్లలు, బీఎస్సీ, బీకాం కంప్యూటర్స్ వాళ్ళు, పాలిటెక్నిక్ వాళ్ళు, ఇప్పటికే చిన్న ఉద్యోగంలో ఉండి పైకి రావాలనుకునేవాళ్ళు. కాలేజీ పేరు చూసి పిలవని చోట, బయటివాళ్ళు పెట్టిన పరీక్ష నెగ్గిన కాగితమే వాళ్ళ తరఫున మాట్లాడగలది. మూడో అభ్యంతరం, ఇంతకన్నా అమీర్‌పేటకో బెంగళూరుకో వెళ్ళి నేర్చుకోవడమే నయమని. వెళ్ళినవాళ్ళు అక్కడ నిజంగా కొనుక్కునేది పాఠం కాదు, అది ఇంట్లోనే ఉంది. చేతితో ముట్టుకునే పరికరాలు, పక్కన అదే చదివే నలుగురు, ఉద్యోగం ఖాళీ అయితే చెప్పే సీనియర్లు. ఈ మూడూ నెలల హాస్టల్ ఖర్చు పెట్టి వలస పోతేనే దొరకాలన్న నియమమేమీ లేదు. అమ్మాయిల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఊరు దాటి పంపడానికి ఇంట్లో ఒప్పుకోక ఆగిపోయే చదువులు ఇక్కడ ఎన్నో. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో ఆ మూడింటినీ సమకూర్చలేమా?

సమకూర్చడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ఆఫీసులు తీసిపారేసిన పాత స్విచ్‌లు, రూటర్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి; అయిదారు పెట్టెలు, ఒక తీగ చుట్ట, రెండు క్రింపింగ్ టూల్స్ ఉంటే ఒక గది సిద్ధం. ఆ గది సాయంత్రం మూసేయకుండా, బయటి పిల్లలకు కూడా తెరవాలి. వారానికి ఒకరోజు ఊళ్ళోని కేబుల్ ఆపరేటర్‌నో, ఆసుపత్రిలో సిస్టమ్స్ చూసే మనిషినో పిలిచి, ఆ వారం తాము ఎదుర్కొన్న తప్పొకటి పిల్లల ముందు పెట్టమనాలి. ఫీజు సాయం కోర్సులో చేరినందుకు ఇవ్వకూడదు. చెడగొట్టి ఇచ్చిన నెట్‌వర్క్‌ను నిర్ణీత సమయంలో బాగుచేసి చూపించినందుకు ఇవ్వాలి. అప్పుడు తయారైనవాళ్ళే పరీక్షకు వెళతారు, డబ్బు వృథా పోదు. కాలేజీ ఒక ఏడాది ఎన్ని బ్యాడ్జిలు వచ్చాయని ప్రకటించుకోవడం మాని, పర్యవేక్షణలో రాసిన పరీక్ష ఎంతమంది నెగ్గారో, ఆ తర్వాత ఎంతమందికి పని దొరికిందో ప్రకటించాలి. నైపుణ్యాభివృద్ధి సంస్థ కొత్త కోర్సుల ఒప్పందం చేసుకునే ముందు, పాత ఒప్పందాల కింద ఆ రెండు అంకెలూ అడగాలి.

అంతదాకా ఆగలేని విద్యార్థికి చెప్పగలిగింది ఇది. ఏ కోర్సు మంచిదన్న వెతుకులాటలో నెలలు పోగొట్టుకోవద్దు. పేరున్న ఉచిత పాఠాల్లో ఏ ఒక్కటైనా చాలు. ముందు సీసీఎస్‌టీ స్థాయి దాకా చదివి, అందులో మనసు నిలిస్తేనే పెద్ద పరీక్షకు సిద్ధం కావాలి. పాఠానికి ఒక గంట పెడితే ల్యాబుకు రెండు గంటలు పెట్టాలి. వీడియోకు డబ్బు కట్టకుండా ఆ డబ్బు పరీక్ష ఫీజు కోసం దాచుకోవాలి. వీలైతే సెలవుల్లో ఊళ్ళో నెట్ కనెక్షన్లిచ్చేవాళ్ళ వెంట తిరగాలి. తల్లిదండ్రులు కాలేజీలో చేర్చేటప్పుడు అడగాల్సింది మీ దగ్గర ఎన్ని ఆన్‌లైన్ కోర్సులున్నాయని కాదు. అవి ఇంట్లో ఫోనులోనూ ఉన్నాయి. మీ ల్యాబు సాయంత్రం ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, పిల్లలు పెట్టెలు విప్పి ముట్టుకోవచ్చా, పరీక్ష ఫీజులో మీరెంత పెడతారు అని అడగాలి. ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పగలిగిన కాలేజీ ఆన్‌లైన్ చదువును నిజంగా వాడుకుంటున్నట్టు. చెప్పలేని కాలేజీ, ఎలాగూ ఉచితంగా దొరికేదాన్ని తన పేరు మీద మళ్ళీ అమ్ముకుంటున్నట్టే లెక్క.